ఎత్తు దగ్గర వేడెక్కే వ్యాను

మా వ్యానుకు పక్కకు జరిగే తలుపు ఉంది. వెనక సీట్లు పీకించి, అడ్డంగా ఇనుప రాడ్లు బిగించి, వాటికి బట్టలు వేలాడదీస్తాం. పట్టుచీరలు, షేర్వాణీలు, పోలీసు యూనిఫారాలు అన్నీ ఒకే రాడ్డు మీద భుజాలు రాసుకుంటూ ఊగుతుంటాయి. మా ఆయన సినిమాలకు కాస్ట్యూమర్. వ్యాను నడిపేది నేను. ఆయనకు డ్రైవింగ్ రాదు. నేర్పిద్దామని ఒకసారి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను గానీ ఫిల్మ్‌నగర్ మొదటి మలుపు తిరక్కుండానే మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఆ పాఠం అక్కడితో సరి.

ఈ ఏర్పాటు నాకు బాగా కలిసొచ్చింది. బండి తోలేది నేనే కాబట్టి షూటింగుకు నేనూ వెళ్లాల్సిందే. మొదట్లో డ్రైవరుగానే వెళ్లాను. బట్టలు దించేసి ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. ఊడిన హుక్కు కుట్టడం, కుచ్చిళ్లు సర్దడం, జాకెట్టు వదులైతే వెనక పిన్నీసులు పెట్టడం, అలా అలా ఆడవాళ్ల కాస్ట్యూమ్స్ మొత్తం నా చేతికి వచ్చేశాయి. పొద్దున్నే బయల్దేరడం, లొకేషన్‌లో అందరికన్నా ముందు దిగడం, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేడి ఇడ్లీ తినడం, ఇవన్నీ నాకు చాలా ఇష్టం. ఇంట్లో కూర్చోబెడితే నాకు పిచ్చెక్కుతుంది.

అందుకే వ్యాను వేడెక్కడం మొదలుపెట్టినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

రహమత్ నగర్‌లో మా ఇస్త్రీ దుకాణం. రాత్రి ఇచ్చిన బట్టలు పొద్దున్నే అక్కడ ఎక్కించుకుని, యూసుఫ్‌గూడ మీదుగా చెక్‌పోస్టు వైపు ఎక్కాలి. ఆ పైన జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలు, వాటికి ఇంకా నిటారు రోడ్లు. సరిగ్గా ఆ ఎత్తు దగ్గరే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది. ముందు ఏసీ నుంచి వేడిగాలి, ఆ తర్వాత ఎర్రలైటు. పక్కకు తీసి ఆపితే, వెనక బస్సువాళ్లు హారన్లతో నాకు సుప్రభాతం పాడేవాళ్లు.

ఎవరో ఒక చిట్కా చెప్పారు. హీటరు పూర్తిగా తిప్పి పెడితే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుందట, బండి ఆగకుండా ఎలాగో పైకి చేరుతుందట. నిజంగానే చేరేది. కాకపోతే ఎండాకాలంలో హీటరు పెట్టుకుని, కిటికీలు దించుకుని, చెమటలు కక్కుతూ నేను దిగుతుంటే, లొకేషన్‌లో వాచ్‌మన్ నన్ను చూసి మంచినీళ్ల బాటిల్ పట్టుకుని ఎదురొచ్చేవాడు. గంజి పెట్టిన చీరలు మాత్రం దర్జాగా దిగేవి.

ఆలస్యాలు మొదలయ్యాయి. కాస్ట్యూమ్ వ్యాను రాకపోతే సెట్‌లో ఏదీ కదలదు. లైటింగ్ అయిపోతుంది, మేకప్ అయిపోతుంది, హీరోయిన్ నైటీలోనే కారవాన్‌లో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటుంది. అలా జరిగిన ఒక పూట ప్రొడక్షన్ మేనేజర్ మమ్మల్ని పక్కకు పిలిచాడు. మంచివాడే. అరవలేదు. ఇంకొక్కసారి ఇలా అయితే కొత్త షెడ్యూల్ నుంచి ప్రొడక్షన్ బండి, ప్రొడక్షన్ డ్రైవరే వస్తారని, కాస్ట్యూమ్స్‌కు మా ఆయన ఒక్కరు వస్తే చాలని చెప్పాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఇవ్వడం అంతకు ముందే మొదలైంది. అద్దాల గది, చల్లటి ఏసీ, ఉచితంగా కాఫీ. వెళ్లగానే బండికి వాటర్ వాష్ చేస్తారు. పెద్ద పైపుతో ముందు జాలీ నుంచి కింద చక్రాల దాకా ధడధడా కొట్టి, ఆ తర్వాతే లోపలికి తీసుకెళ్తారు. అది చూసి నేను ముచ్చటపడేదాన్ని కూడా. మా ఇంటి దగ్గర దానికి అంత స్నానం ఎవరు చేయిస్తారు?

సాయంత్రం ఫోను వచ్చేది. బండి బాగానే ఉంది, ఏమీ దొరకలేదు, టెస్ట్ డ్రైవ్ కూడా చేశాం అని. ఒకసారి కూలెంట్ మార్చారు. ఒకసారి థర్మోస్టాట్. ఇంకోసారి రేడియేటర్ మూత. మార్చినప్పుడల్లా కొన్నాళ్లు బండి బంగారంలా నడిచేది, నేను అందరికీ ఆ సెంటర్‌ను పొగిడేదాన్ని. సరిగ్గా నా పొగడ్త పూర్తయ్యేసరికి ముల్లు మళ్లీ లేచేది.

అక్కడ సర్వీస్ అడ్వైజర్ ఒకాయన ఉండేవాడు. టై కట్టుకుని, ట్యాబ్ పట్టుకుని, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఈసారైనా సరిగ్గా చూడమని నేను గట్టిగా అడిగితే నా పక్కనున్న మా ఆయన వైపు తిరిగి, తర్వాత నాతో అన్నాడు.

"బండిల ప్రాబ్లం ఏం లేదు మేడం. ఎత్తుల హాఫ్ క్లచ్ మీద తోలుతున్నట్టున్నరు. ఒకసారి సార్‌ని తోలమనుండ్రి, ఫరక్ మీకే తెలుస్తది."

మా సార్ తోలితే తెలిసే ఫరక్ ఏమిటో నాకు బాగా తెలుసు. మా ఆయన మొహం పక్కకు తిప్పుకుని గోడ మీది పోస్టర్ చదవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆ సెంటర్ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, మా సేవ ఎలా ఉంది మేడం, పదికి పది ఇవ్వండి, తొమ్మిది ఇస్తే మాకు మాట వస్తుంది అని బతిమాలింది. ఆ పిల్లదేం తప్పు? పదే ఇచ్చాను. పెట్టేసిన తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది.

బండి సర్వీసు నుంచి వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర మా అత్తయ్య ఎదురుచూస్తూ ఉండేది. మామయ్యగారు కూడా కాస్ట్యూమ్స్‌లోనే పనిచేశారు కాబట్టి సినిమావాళ్ల పద్ధతులన్నీ ఆవిడకు కంఠతా. షెడ్యూల్ మొదలైతే కొబ్బరికాయ, సినిమా పూర్తయితే గుమ్మడికాయ. బండికి కూడా అంతే. కర్పూరం వెలిగించి హారతి ఇచ్చి, కాయ గేటు పక్క రాతి మీద కొట్టి, చిప్పల్లో నీళ్లు ఒలకకుండా పట్టుకొచ్చి, వ్యాను ముందు జాలీలోంచి లోపలికి పోసేది. బానెట్ మీద చల్లితే చాలదా అని నేనొకసారి అడిగాను. జబ్బు లోపల ఉంటే పైన చల్లితే ఏం లాభం, లోపలికి అందాలి అంది. బండి మొండికేసే కొద్దీ ఆవిడ కాయలు పెద్దవయ్యాయి. ఏరికోరి నీళ్లు ఎక్కువున్నవే తెప్పించేది.

అత్తయ్య నా డ్రైవింగ్ గురించి మంచీ చెడూ ఎన్నడూ మాట్లాడలేదు. వ్యానులో నా పక్కన ఒక్కసారి కూడా కూర్చోలేదు. గుడికైనా ఆటోలోనే వెళ్లేది. కోడలు వ్యాను తోలడం ఆవిడకు నచ్చలేదని, బండి మీద ఉన్న ప్రేమ నా మీద లేదని నేను అర్థం చేసుకున్నాను. పెద్దావిడ, పోనీలే అనుకుని ఊరుకున్నాను.

మేనేజర్ మాట అన్న వారంలోనే ముల్లు మళ్లీ లేచింది. ఆ రోజు షూటింగ్ మధ్యాహ్నం నుంచి కాబట్టి బతికిపోయాం. సాయంత్రం మా ఆయన మెల్లగా, అమ్మేద్దామా అన్నారు. ప్రొడక్షన్ బండి వస్తే తలనొప్పి తగ్గుతుందని, నాకూ విశ్రాంతి దొరుకుతుందని అన్నారు. విశ్రాంతి అన్న మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. కొత్త షెడ్యూల్ మొదలయ్యేలోపు బాగుచేయించి తీరతానని, లేకపోతే మీ ఇష్టమని ఆయనకు మాటిచ్చేశాను.

మర్నాడు షూటింగ్ లేదు. బట్టలు తెచ్చుకుందామని వెళ్తే రహమత్ నగర్ ఇస్త్రీ దుకాణంలో గొడవ జరిగింది. పెళ్లి సీనులో కట్టిన చీర ఒకటి, పసుపు మరకలతో, ఇస్త్రీ మాత్రమే చేయమని కవర్లో పెట్టి ఇచ్చాం. ఆ సీను ఇంకా సగమే అయింది. మిగతా సగం తీసినప్పుడు మరకలు ఉన్నచోటే ఉండాలి, అదే కంటిన్యుటీ. మా పనిలో మొదటి పాఠం అది. సీను పూర్తయ్యేదాకా మరక మీద నీళ్ల చుక్క పడకూడదు. అక్కడ కొత్తగా చేరిన ఆవిడ, పాపం శుభ్రంగా చేద్దామని, చీర తీసి బకెట్ దగ్గరికి పోతోంది. మా ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"అమ్మా, కడగొద్దు. కడిగితే ఏం జరిగిందో ఎవరికీ తెలీదు."

చీర దక్కింది. నేను మాత్రం బట్టలు ఎక్కించడం ఆపి వ్యాను ముందు జాలీ వైపు చూస్తూ నిలబడిపోయాను. మేం చీర విషయంలో చేయొద్దన్న పనే సర్వీస్ సెంటర్‌వాళ్లు ప్రతిసారీ మొదట చేస్తున్నారు. బండికి ఏమైందో చూడకముందే కడిగేస్తున్నారు. నేనేమో పక్కన నిలబడి ముచ్చటపడుతున్నాను.

అక్కణ్ణుంచి నేరుగా సర్వీస్ సెంటర్‌కే తోలాను. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, హీటరు తిరుగుతూనే ఉంది. గేటు దగ్గర వాటర్ వాష్ వైపు వెళ్లమని చేయి చూపించారు. వెళ్లనన్నాను. వాష్ లేకుండా లోపలికి తీసుకోరట, అది రూలట. అయితే ఇక్కడే ఉంటానని ఇంజను ఆపేసి దిగాను. వెనక బండ్లు ఆగాయి. టై కట్టుకున్నాయన నవ్వుతూనే వచ్చాడు గానీ, ఈసారి నవ్వు కాస్త పలచబడింది. ఆయనకు మా చీర సంగతి మొత్తం చెప్పాను. బండిని ఇలాగే, ఈ దుమ్ముతోనే, ఇప్పుడే విప్పి చూడమన్నాను. వెనక బండ్లకు దారి ఇవ్వడానికైనా ఆయన ఒప్పుకోక తప్పలేదు.

లోపల ముందు బంపర్ విప్పారు. రేడియేటర్ ముందున్న ఫ్యాను తిరగడం లేదు. దాని వైరు కనెక్టర్ ఊడదీసి మెకానిక్ చేతిలో పట్టుకుని మా అందరికీ చూపించాడు.

"గీడ చూడుండ్రి మేడం. జిగట పట్టింది. లోపలంత చీమలే."

కనెక్టర్ నిండా చీమలు. కొన్ని బతికున్నాయి, కొన్ని నల్లగా మాడిపోయాయి. చుట్టూ ఎండిపోయిన బెల్లంపాకంలాంటి పొర, అందులో అంటుకుని సన్నటి కొబ్బరిపీచు. నీళ్లు గట్టిగా కొడితే ఇదంతా కొట్టుకుపోయి ఫ్యాను తిరుగుతుందట, మళ్లీ తీపి పడితే మళ్లీ చీమలు వస్తాయట. అంటే బండి వాళ్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ స్నానంతో నయమైపోయేది, ఇంటికొచ్చిన ప్రతిసారీ మేమే దానికి మళ్లీ జబ్బు తెప్పించేవాళ్లం. అడ్వైజర్ కొబ్బరిపీచు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వాపుకోవడం ఆయనకు కష్టమైంది. చివరికి ఇద్దరం నవ్వేశాం. నా క్లచ్ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. తీసుకో నాయనా అన్నాను.

కొత్త కనెక్టర్ వేసి ఇచ్చారు. కడగకుండానే ఇంటికి తెచ్చాను. గేటు దగ్గర అత్తయ్య కాయతో సిద్ధంగా ఉంది. దారంతా ఆవిడకు ఎలా చెప్పాలా అనుకుంటూనే వచ్చాను. మా ఆయనైతే, చెప్పకు, కంపెనీవాళ్లు నీళ్లు పోయొద్దన్నారని మాత్రం అను అన్నారు. నేను ఆ మాటే అన్నాను. ఆవిడ మాత్రం నా మొహం చూసి పసిగట్టేసింది. చేతిలో కాయ అలాగే పట్టుకుని అడిగింది.

"నా వల్లేనా అమ్మాయ్?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చీమల సంగతి చెప్పాను. ఆవిడ అరుగు మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఆ ఎండలో నువ్వు హీటరు పెట్టుకుని పోయింది నా మూలానేనా అంది. హీటరు సంగతి ఆవిడకు తెలుసని నాకు తెలియదు. బండికి దిష్టి తగిలిందని మీరు ప్రేమగా చేశారు, పోనీలెండి అన్నాను.

"బండి ఏమైపోతే నాకేంటే," అంది. "ఆ ఎత్తులన్నీ నువ్వు ఒక్కదానివే ఎక్కుతావు. పక్కన కూర్చుంటే నాకు భయంతో కళ్లు తిరుగుతాయి, అందుకే ఎక్కను. నువ్వు తిరిగొచ్చేదాకా ఈ అరుగు మీదే ఉంటాను."

రోజూ నేను వచ్చేసరికి ఆవిడ అరుగు మీద ఉండటం చూస్తూనే ఉన్నాను. గాలికి కూర్చుందనుకున్నాను.

కొత్త షెడ్యూల్‌కు మా వ్యానే వెళ్లింది. చెక్‌పోస్టు ఎత్తులో ముల్లు మధ్యలోనే నిలబడింది, ఏసీ చల్లగా వచ్చింది. మేనేజర్ కన్నా ముందే దిగి, ఆయనకు నేనే ఇడ్లీ ప్లేటు అందించాను.

బయల్దేరే ముందు మాత్రం గేటు దగ్గర ఆలస్యం తప్పలేదు. అత్తయ్య హారతి ఇచ్చి, కాయ రాతి మీద కొట్టి, అలవాటుగా చిప్పలు పట్టుకుని జాలీ దాకా వచ్చి ఆగింది. ఒక్క క్షణం అలాగే నిలబడి, తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి చిప్ప లోపలికి చాపింది.

"నువ్వు తాగెయ్," అంది. "లోపలికి అందాలి."

స్టీరింగ్ మీంచి చేతులు తీసి, చిప్ప అందుకుని, మొత్తం తాగేశాను.