క్యూ బాబాయి సొంత పని

పదిహేనేళ్ళుగా బాబాయి వృత్తి నిలబడటం. లైసెన్సు ఆఫీసు, ఆస్పత్రి, కరెంటు ఆఫీసు, ఎక్కడ క్యూ ఉంటే అక్కడ వేరేవాళ్ళ బదులు పొద్దున్నే వెళ్ళి నిలబడతాడు. వంతు దగ్గరపడగానే ఫోన్ చేస్తాడు. అసలు మనిషి ఏసీ కారు దిగి, ఇస్త్రీ నలగని చొక్కాతో వచ్చి ఆయన ఖాళీ చేసిన చోట నిలబడతాడు. బాబాయి పక్కకు జరుగుతాడు. నగరంలో సగం మందికి ఆయన పేరు తెలియదు, క్యూ బాబాయి అంటే చాలు. "కూర్చుని తినేవాళ్ళని చాలామందిని చూశాను, నిలబడి తినే మనిషిని ఈయన్నే చూశాను" అని భార్య చుట్టాల ముందు కూడా అంటూ ఉంటుంది.

నిలబడటం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే మాత్రం ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఈ ఊరి జనాన్ని ముఖాలు చూసి అంచనా వేసేవాళ్ళు వేస్తారు. బాబాయి మెడలు చూసి చెబుతాడు. ముందు నిలబడినవాడి మెడ ఎర్రబడిందంటే ఇంకో అయిదు నిమిషాల్లో ఎవరితోనో గొడవ పెట్టుకోబోతున్నాడని లెక్క. "ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోతానండీ" అని పక్క నుంచి దూరేవాడి సంచిలో కనీసం ఏడు ఫారాలు ఉంటాయి. క్షణం తీరిక లేదని బాబాయిని పెట్టుకున్న పెద్దమనిషి పని అవగానే గేటు బయట ముప్పావుగంట ఫోన్లో మాట్లాడతాడు, తనకు క్షణం తీరిక లేదన్న సంగతే చెప్పుకుంటూ. ఇక హెల్మెట్లు. తన చోట హెల్మెట్ పెట్టి టీ తాగడానికి పోయినవాడి వంతు భద్రంగా ఉంటుంది, వెనకవాళ్ళు దాన్ని కాలితో మర్యాదగా ముందుకు జరుపుతూ ఉంటారు. మంచినీళ్ళకని పక్కకెళ్ళిన ముసలాయన వంతు మాత్రం గల్లంతు. ఒకసారి బాబాయి ఎండ భరించలేక, మూసి ఉన్న ఒక షట్టర్ నీడలో ఆగాడు. తిరిగి చూస్తే వెనకాల పదకొండుమంది. నవ్వాపుకుని ఆయన వెళ్ళిపోతుంటే రెండోవాడు సంతోషంగా ఒక అడుగు ముందుకేశాడు.

ఇలాంటి జనాన్ని అదుపులో పెట్టాలంటే ఒక చట్టం ఉండాలని బాబాయి అభిప్రాయం. ఆ చట్టం ఆయనే చేశాడు: పక్కకు జరిగినవాడు చివరికి పోవాల్సిందే. ఏ ఆఫీసులోనూ ఈ రూలు రాసి లేదు, అయినా అన్ని ఆఫీసుల్లోనూ నడుస్తుంది. చేతిలో ఎక్స్‌రే కవరుతో ఒకాయన "మా అమ్మ బయట ఆటోలో ఉందండీ, కాస్త ముందు వెళ్ళనివ్వండి" అని బతిమాలితే, "అందరికీ తొందరే, క్యూ అంటే క్యూ" అన్న మనిషి బాబాయి. ఆ మాట ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

అలాంటి బాబాయికి ఈ మధ్య సొంత పని పడింది. కూతురికి నర్సింగ్ శిక్షణలో సీటు వచ్చింది. ఇంటి పెద్ద ఈ ఊళ్ళోనే ఉంటున్నాడని ఒక నివాస ధ్రువపత్రం కావాలి. ఆ కాగితం ఆ రోజు సాయంత్రం నాలుగులోగా శిక్షణ కేంద్రంలో ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ధ్రువపత్రాలిచ్చే కిటికీ మధ్యాహ్నం ఒంటిగంటకు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది మర్నాడే.

"నేనే వెళ్ళి నిలబడతాను నాన్నా" అంది కూతురు ముందురోజే. ఆ ఆఫీసుకు రెండు వీధుల అవతలే జిరాక్స్ షాపులో పనిచేస్తోంది.

"నువ్వా? నీకు మొహమాటం ఎక్కువ. నిలబడిన అరగంటలో పదిమందికి దారిస్తావు. ఇది నా పని, నాకొదిలెయ్."

పొద్దున ఆరున్నరకే వెళ్ళి తొమ్మిదోవాడిగా నిలబడ్డాడు. పదింటికి కిటికీ తెరిచారు. గుమాస్తా ఒక్కో మనిషికి ఒక్కో యుగం తీసుకున్నాడు. పన్నెండింటికి కూతురు ఫోన్ చేసి "ఎంతవరకూ వచ్చింది నాన్నా?" అని అడిగింది. "ముందు ఒక్కడే ఉన్నాడు. నేనుండగా నీకెందుకే బెంగ?" అని బాబాయి కసిరాడు.

పన్నెండూ పదికి వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండానే ఆ చెప్పుల చప్పుడును గుర్తుపట్టాడు.

"ఏం బాబాయ్, అసలు మనిషేడీ? రమ్మను."

"పిలుస్తున్నా సార్" అన్నాడు బాబాయి. అని, పదిహేనేళ్ళ అలవాటుగా పక్కకు జరిగి, ఫోన్ తీసి ఆఖరున మాట్లాడిన నంబరు నొక్కాడు. "సార్, మీ వంతు వచ్చేసింది, త్వరగా రండి."

అటు వైపు నుంచి "నాన్నా, నేను" అంది కూతురు. "నువ్వు పక్కకు జరిగావా?"

బాబాయి వెనక్కి తిరిగి చూస్తే, తన చోట లావుపాటి మనిషి ఒకాయన అప్పటికే కిటికీలో మోచేతులు పెట్టి ఫారాలు పరుస్తున్నాడు.

"ఏమండీ, అది నా వంతు. నా సొంత పని మీదే వచ్చాను" అన్నాడు బాబాయి.

"నీకు సొంత పనేంటి బాబాయ్?" అని క్యూలో ఎవరో నవ్వారు. "పక్కకు జరిగినవాడు చివరికి పోవాల్సిందే. నువ్వు నేర్పిందే కదా!" అని ఇంకొకాయన అందుకున్నాడు. అందరూ ఒక్కటై నవ్వారు. అంత ఐకమత్యం ఆ క్యూలో బాబాయి ఏనాడూ చూడలేదు. గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా లావుపాటాయన ఫోటో అతికించే పనిలో ఉన్నాడు. బాబాయి ఫైలు చంకలో పెట్టుకుని, నలభైమందిని దాటుకుంటూ వెళ్ళి చివర నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అంతకంటే ఎక్కువగా, కూతురి సీటు తన కాళ్ళతోనే తొక్కేశానని ఏడుపొచ్చింది.

పది నిమిషాల్లో కూతురు రొప్పుతూ వచ్చింది. తండ్రి చంకలోంచి ఫైలు లాక్కుని తిన్నగా ముందుకెళ్ళింది. కిటికీ దగ్గర అప్పుడే వంతు వచ్చిన కళ్ళజోడు ఆవిడతో, "అమ్మా, నేను నాలుగులోగా ఈ కాగితం ఇవ్వకపోతే నా నర్సింగ్ సీటు పోతుంది. మీకంటే ముందు నేను వెళ్ళొచ్చా?" అంది.

బాబాయి చివరి నుంచే తల పట్టుకున్నాడు. ఇలాంటి మాటకు క్యూలో ఏం జవాబొస్తుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"వెళ్ళమ్మా, దానికేముంది" అని ఆవిడ పక్కకు జరిగింది. వెనకాల ఇద్దరు గొణిగారు. గొణగడం ఆ క్యూలో రోజంతా జరిగేదే కనుక ఎవరూ పట్టించుకోలేదు.

"నాన్నా, సంతకం నువ్వే పెట్టాలట, రా!" అని కూతురు అక్కణ్ణుంచి కేకేసింది.

బాబాయి రెండడుగులు వేసి ఆగి, వెనకున్నాయనతో "ఇక్కడ నేనున్నానని గుర్తుంచుకోండి, ఇప్పుడే వస్తాను" అన్నాడు.

"మీ పని అక్కడ అయిపోతోంది కదండీ, ఇంకా ఈ చోటు దేనికి?" అన్నాడాయన వింతగా. బాబాయి ఆ చోటును ఒకసారి తిరిగి చూసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

గుమాస్తా ఫారం మీద పేరు చదివి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇది నీ పేరా? నీ పనేనని ముందే ఏడవచ్చుగా!" అని స్టాంపు గుద్దాడు. పదిహేనేళ్ళ పరిచయంలో ఆయన బాబాయి పేరు చదవడం అదే మొదలు. పన్నెండూ యాభైకి కాగితం చేతిలో పడింది.

ఇద్దరూ గేటు వైపు నడిచారు. పక్కనే క్యూ, ఎండలో గోడ పొడుగునా సాగి ఉంది. కూతురు కాగితాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

"నాన్నా, ఇన్నేళ్ళలో నువ్వెప్పుడైనా ఇలా ఎవరినైనా అడిగావా?"

"లేదు."

"ఏం? అడిగితే ఇచ్చారుగా?"

బాబాయి గబుక్కున క్యూ వైపు చూసి, కూతురి చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాగాడు.

"నెమ్మదిగా మాట్లాడవే" అన్నాడు గొంతు తగ్గించి. "అడిగితే ఇస్తారని వీళ్ళందరికీ తెలిసిందంటే, రేపణ్ణుంచి నన్ను పిలిచేదెవరు?"