అందరి చేలూ నల్లబడిన రోజు

నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక, వయోజన విద్యా కేంద్రంలో. ఆ అక్షరాలతోనే మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో అటెండరునయ్యాను. ఆలస్యంగా చదువుకున్నవాడికి నోట్సు మీద భక్తి ఎక్కువ. తొంభైల చివర్లో కుప్పం నుంచి ఒకమ్మాయి నేలల పాఠం చెప్పడానికి వచ్చి, మొదటి సంవత్సరం పిల్లలకు నోట్సు ఇవ్వనంటే నాకు ఒళ్ళు మండింది.

ఆమె పద్ధతి వేరు. నలుగురేసి పిల్లల్ని ఒక బల్ల దగ్గర నిలబెట్టి, చేతికి మట్టి ఇచ్చి, ఒక ప్రశ్న వేసి ఊరుకునేది. వాళ్ళు తడిపి, పిసికి, కొట్లాడుకుని జవాబు తేవాలి. బల్లలు కడిగేది నేను.

"పాఠం నువ్వు చెప్పాలా, వాళ్ళు చెప్పాలా మేడమ్?" అని మొహం మీదే అడిగాను.

"వాళ్ళే చెప్పాలప్పా. నేను చెప్తే నాకొస్తాది, వాళ్ళకు యాడొస్తాది?" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక కోపం నిలుపుకోలేకపోయాను.

ప్రిన్సిపాల్ మాత్రం కోపం నిలుపుకున్నాడు. పిల్లల చేత మట్టి పిసికిస్తున్నారని తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు మరి. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. జంతుశాస్త్రం పెద్దసారు ఒక క్లాసు చూడాలని, ఆయనకు నచ్చకపోతే వచ్చే ఏడు ఆమె రానక్కరలేదని తేల్చేశాడు.

ఆ క్లాసుకు ఎవరి చేని మట్టి వాళ్ళు తెమ్మని ఆమె పిల్లలకు చెప్పింది. తడి మట్టిని వేళ్ళ మధ్య పట్టీలాగా సాగదీస్తే, ఇసుక మట్టి పుటుక్కున తెగుతుంది, బంకమట్టి సాగుతుంది. ఊరికొక రకం వస్తే పోల్చి చూడొచ్చని ఆమె లెక్క.

పెద్దసారు వెనక బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు సంచులు విప్పారు. పుంగనూరు, పెద్దమండ్యం, బైరెడ్డిపల్లె, ఎక్కడిదైనా నలుపే. అన్నీ ఒక్కలాగే సాగాయి. ఎర్రనేలల సీమలో ఈ నలుపు ఎక్కడిది?

ఆమె మొహం పాలిపోయింది. "ఏమప్పా, మీ ఊర్లన్నీ చెరువులోనే ఉండాయా?"

చివరికి పుంగనూరు వైపు పిల్ల ఒకతె లేచింది. "మా ఇసక చేని మట్టి పదిమందిలో పెడితే పరువు పోతాదని మా నాయన చెరువు మట్టి కట్టిచ్చినాడు మేడమ్."

"మా జేజి గూడా అంతే", "మాదీ అదే మేడమ్" అని అన్ని బల్లల నుంచీ మొదలైంది. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు ఇంటింటా మట్టిని ముస్తాబు చేసి పంపారు. పెద్దసారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అయిపోయింది, ఈ పిల్ల ఇక కుప్పం బస్సెక్కుతుంది అనుకున్నాను.

ఆమె ఎవరినీ తిట్టలేదు. "సరే. ఎండాకాలంలో చెరువు మట్టి చేలకు ఎందుకు తోలుతారు? అదేం సేస్తాది? ఈడే తేల్చండి" అంది. నావైపు తిరిగి, "అప్పా, కాలేజీ ఎనక నుంచి ఒక గంప ఎర్రమట్టి తెస్తావా?" అంది. తెచ్చాను.

అడుగు కోసిన సీసాలకు గుడ్డ కట్టి, ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో చెరువు మట్టి, ఇంకోదాంట్లో రెండూ కలిపి వేసి నీళ్ళు పోశారు. ఎర్రమట్టిలో నీళ్ళు గబగబా దిగిపోయాయి. చెరువు మట్టి మీద నిలిచిపోయాయి. కలిపినదాంట్లో నింపాదిగా దిగాయి. ఇక ఎంత కలపాలనే దాని మీద బల్లకూ బల్లకూ తగువు.

"సగానికి సగం కలిపితే చెనిక్కాయ ఊడి రాదు. పెరికితే చెట్టు వస్తాది, కాయ నేల్లోనే ఉంటాది." గొంతు పెద్దసారుది. చొక్కా చేతులు మడుచుకుని బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"మీరు సూసేదానికి వచ్చినారు సార్, తగువుకు కాదు" అంది పుంగనూరు పిల్ల. క్లాసంతా గొల్లుమంది.

"ముందు ఆ సీసా ఇట్లియ్యమ్మా" అన్నాడాయన. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

ప్రిన్సిపాల్ ఆమెకు ఇంకో ఏడాది ఇచ్చాడు, నోట్సు కూడా ఇవ్వాలనే షరతుతో.

"నోట్సు గూడా రాయాలంటప్పా" అని ఆమె ల్యాబులోకి వచ్చి మూతి ముడుచుకుంది.

"రాయమ్మా, చేతులేమైనా అరిగిపోతాయా? బల్లలు కడిగేదానికి నేనుండా గదా" అన్నాను.