మా అన్నయ్య సర్వారాయుడు గారి ఉదయపానం

మా పెద్దన్నయ్య సర్వారాయుడు గారు కొవ్వూరులో స్వర్గస్థులయ్యారన్న వార్త ఫోనులో విన్నప్పుడు నేను పాలకొల్లులో మా వంటింట్లో ఉన్నాను. ఫోను చేసినది ఆయన శిష్యుడొకరు. "గురువుగారు వెళ్ళిపోయారండి" అని, ఇక మాట రాక ఏడ్చాడు. నేను ఏడవలేదు. నిర్ఘాంతపోయి అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. నిండు నూరేళ్ళు బతికి చూపిస్తానని సభల్లో ప్రకటించిన మనిషి ఆయన. ఆయనతో నాకెంత వైరమున్నా ఆ ఒక్క ప్రకటన మాత్రం నేను నమ్మాను.

శిష్యులు సంస్మరణ సంచిక వేస్తున్నారు. "తోడబుట్టిన చెల్లెలు, మీరు రాయకపోతే బాగుండదమ్మా" అన్నారు. రాస్తాను. అయితే స్తోత్రపాఠాలకు మిగిలిన పుటలున్నాయి. ఈ పుటలో నేనెరిగిన మనిషిని చూపిస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే చించి పారేయండి.

ఆయన దినచర్య కొవ్వూరులో ఎవరినడిగినా చెబుతారు. సూర్యోదయానికి ముందే గోదావరి గట్టుకు చేరేవారు. తెల్లని పంచె, భుజాన కండువా, వెన్ను వంగని నిలువెత్తు విగ్రహం. పక్కన మూత పెట్టిన స్టీలు బిందెలు. ఒకదానిలో రాగిజావ, మరొకదానిలో నిమ్మరసం కలిపిన తేనెనీళ్ళు, ఇంకొకదానిలో ఆనపకాయ రసమో వేపాకు రసమో. నడకకు వచ్చిన వకీళ్ళూ పంతుళ్ళూ బ్యాంకు ఉద్యోగులూ వరుసగా నిలబడి తాగేవారు. ఆయన కంఠం గంభీరం, వాక్కు ధారాశుద్ధం. "కాఫీ అంటే ఏంటనుకుంటున్నారు? వేడి చేసిన బద్ధకమండీ!" అనేవారు. జనం నవ్వేవారు. పొద్దున్నే సారా తాగే రిక్షా కార్మికుడొకడు ఆయన పోరు పడలేక జావకు అలవాటుపడి, సంసారం నిలబెట్టుకున్నాడు. అది సత్యం. దాన్ని కాదనేటంత నీచురాలిని కాను.

ఇంట్లో మాత్రం ఆ ఉపదేశమే శాసనం. ఆయన గడపలోకి కాఫీపొడి రాకూడదు. మా అమ్మ మహలక్ష్మమ్మకు ఉదయాన్నే చిక్కటి కాఫీ పడితేనే ప్రాణం లేచి వచ్చేది. నాన్నగారు పోయాక పెద్దకొడుకు పంచన చేరిన అమ్మ, కరివేపాకు కావాలన్న నెపంతో పక్కింటికి వెళ్ళి, పెరటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగి వచ్చేది. ఒకసారి అన్నయ్య కంటబడింది. మందలించలేదు, కేకలెయ్యలేదు. మర్నాడు గట్టు మీద, అందరిలో, "మా ఇంట్లోనే ఒక దొంగ ఉందండీ" అని కథగా చెప్పి నవ్వించారు. ఆ మాట అమ్మ చెవిన పడింది. ఆ తరవాత ఆవిడ పక్కింటి గడప తొక్కలేదు.

తొంభైల చివర్లో అమ్మకు పేగు మెలికపడింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి, చెడిన భాగం తీసేసి కుట్టారు. నేను పాలకొల్లు నుంచి పరుగున వెళ్ళాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు అన్నయ్యనూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

"పేగు ఇంకా పచ్చిగా ఉందండి. బార్లీ నీళ్ళు, పలచటి గంజి, కొంచెం మజ్జిగ తేట. అంతే. పచ్చి రసాలు, పీచు ఉన్నవి ఏవీ వద్దు. నేను చెప్పేదాకా వద్దు."

"చిత్తమండి" అన్నారు అన్నయ్య.

గోదావరి వంతెన దాటి కొవ్వూరు వచ్చాం. శుశ్రూష అంటే పెద్ద పెద్ద పనులు కావు. అమ్మకు దగ్గు వస్తే కుట్లు కదలకుండా పొట్టకు దిండు ఒత్తిపట్టడం. పక్కకు తిప్పి వీపు తుడవడం. గంజి వార్చి, వడగట్టి, చల్లార్చి, చెంచాతో పట్టి, అది కడుపులో నిలిచిందో లేదో ముఖం చూసి తెలుసుకోవడం. నేనూ వదిన కామేశ్వరీ వంతులవారీగా ఆ పని చేశాం. అన్నయ్య గుమ్మంలో నిలబడి చూసి, "గంజి! పశువులకు పోసేది" అని పెదవి విరిచి వెళ్ళిపోయేవారు.

"అన్నయ్యా, డాక్టరుగారు చెప్పింది నువ్వూ విన్నావు కదా" అన్నాను.

"వాళ్ళకి కొయ్యడం వచ్చునే, పోషించడం రాదు. నీకేం తెలుసు?"

ఒకరోజు ఉదయం అమ్మ కట్టుకు కావలసిన మందులు తేవడానికి నేను రాజమండ్రి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా ఆర్తనాదం. అమ్మ మంచం అంచు పట్టుకుని వాంతి చేసుకుంటోంది. వాంతిలో నెత్తురు. పొట్టమీది కట్టు తడిసి ఎర్రబడింది. వదిన ఆవిడ తల పట్టుకుని ఉంది. మంచం కింద ఖాళీ గ్లాసు, అడుగున ఆకుపచ్చటి నురగ.

టాక్సీ పిలిచి మళ్ళీ వంతెన ఎక్కాం. ఆస్పత్రిలో డాక్టరుగారు కట్టు విప్పుతూనే అడిగారు. "ఏం పట్టించారు ఈవిడకి?"

"ఏమీ లేదండి. గోరువెచ్చటి నీళ్ళు, అంతే" అన్నారు అన్నయ్య.

వేదికల మీద ఆరోగ్యసత్యాలు ప్రవచించిన ఆ కంఠం, కన్నతల్లి ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో, స్పష్టంగా, తడబాటు లేకుండా అబద్ధమాడింది. నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి వదిన ముందుకు వచ్చింది. పెళ్ళయిన నాటినుంచీ భర్త ఎదుట గొంతెత్తి ఎరగని మనిషి.

"ఆనపకాయ రసం ఇచ్చారండీ. పచ్చిది. గ్లాసు నిండా. చేదుకాయండీ అది, విషంతో సమానం, నేను ముక్క కొరికి చూసి పారెయ్యమన్నాను. వినలేదు."

డాక్టరుగారు అన్నయ్య వైపు ఒక్కసారి చూశారు.  అమ్మను లోపలికి తీసుకుపోయారు. లోపల కుట్లు తెగాయి, మళ్ళీ కొయ్యాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా వరండాలో నేనూ వదినా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకు కూర్చున్నాం. అన్నయ్య దూరంగా కిటికీ దగ్గర నిలబడ్డారు. మా దగ్గరికి రాలేదు. డాక్టరుగారు బయటికి వచ్చి, "బతికారు. ఇంకోసారి ఇలా జరిగితే నా దగ్గరికి తీసుకురాకండి" అన్నప్పుడు కూడా ఆయన కిటికీ దగ్గరనుంచి కదలలేదు.

ఈసారి అమ్మను కొవ్వూరు పంపనివ్వలేదు. ఆస్పత్రి నుంచి నేరుగా పాలకొల్లు తెచ్చుకున్నాను. నెమ్మదిగా లేచి కూర్చుంది, గోడ పట్టుకుని నడిచింది, వసారాలోకి వచ్చి వీధి చూసింది. ఒకనాడు జడ వేస్తూ అడిగాను.

"చేదుగా ఉందని చెప్పకపోయావా అమ్మా?"

"చెప్పానే. చేదుంటేనే పనిచేస్తుందన్నాడు. వాడంత ఆశగా గ్లాసు పట్టుకుని నిలబడితే, కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటాడని తాగేశాను."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. తల్లి అంటే అదే కాబోలు. కానీ ఆ మాట విన్నాక అన్నయ్య మీద నా కోపం తగ్గలేదు, పదింతలైంది. అంత ప్రేమ ఎదురుగా ఉండగా ఆయన చూసింది తన గ్లాసును మాత్రమే.

తరవాత కొంతకాలానికి డాక్టరుగారే, "పొద్దున్న కాస్త కాఫీ తాగితే ఏం కాదమ్మా, పలచగా తాగండి" అన్నారు. మర్నాడు నేను గ్లాసు అందిస్తే, అమ్మ ముందు తలుపు వైపు చూసింది. ఎవరూ రారని నిశ్చయించుకుని అప్పుడు తాగింది. తన కూతురింట్లో, ఆ వయసులో, ఒక గుక్క కాఫీకి తలుపు చూసుకోవలసిన స్థితి ఆవిడకు ఎవరు కల్పించారో ఈ సంచిక పాఠకులు ఆలోచించాలి.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. కొవ్వూరు నుంచి ఒకాయన పనిమీద పాలకొల్లు వచ్చి, అమ్మను చూసి నమస్కరించాడు. "తల్లీ, తమరు ఆనపకాయ రసంతోనే లేచి కూర్చున్నారటగా! గురువుగారు రోజూ గట్టు మీద చెబుతున్నారండి" అన్నాడు. అమ్మ చిరునవ్వు నవ్వి, "కూర్చోండి బాబూ" అంది. నేను మాత్రం ఆ సాయంత్రమే కొవ్వూరు బస్సెక్కాను.

"అమ్మని చంపబోయిన రసం పేరు చెప్పి అమ్మని బతికించానంటావా?" అని ముఖం మీదే అడిగాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "జనానికి నమ్మకం కావాలి సుభద్రా. వివరాలు వాళ్ళకెందుకు?"

ఆ తరవాత ఆయన గడప తొక్కలేదు నేను. అమ్మ మరికొన్నేళ్ళు నా దగ్గరే ఉండి, ప్రశాంతంగా కన్నుమూసింది. కర్మకాండ దగ్గర ఎదురెదురుగా నిలబడ్డాం, మాట్లాడుకోలేదు.

గత సంవత్సరం ఆయనకే ఆపరేషన్ అయింది, పేగుకే. వదిన రమ్మంటే ఆవిడ కోసం ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన బల్ల మీద బార్లీ నీళ్ళు. వదిన గంజి చెంచాతో పడుతుంటే బుద్ధిగా నోరు తెరుస్తున్నారు. గట్టు మీది శిష్యుడొకడు భక్తితో రసం సీసా తెస్తే, చేత్తో వారించారు.

"పచ్చి రసాలు ఇవ్వద్దన్నారయ్యా డాక్టరుగారు."

"అమ్మక్కూడా వద్దన్నారు అన్నయ్యా" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. పెదవులు కదిలాయి. తప్పయిందంటారేమోనని మంచం దగ్గరికి జరిగాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను వచ్చేశాను. అదే మా ఆఖరి కలయిక.

ఆయన క్రమశిక్షణ ఆదర్శప్రాయమని, కొవ్వూరు పట్టణానికి ఆయన మరణం తీరని లోటని సంతాప సభలో వక్తలు అన్నారు. గట్టు మీద బిందెలు మోసేవారు మరొకరు దొరుకుతారు, ఆ లోటు తీరుతుంది. "అమ్మ విషయంలో తప్పు చేశాను" అన్న మాట మాత్రం లోకంలో ఆయన ఒక్కరే అనగలిగినది. ఆయన బదులు శిష్యులు అనలేరు, వదిన అనలేదు, నేను అనుకున్నా చెల్లదు. ఆ మాట ఆయనతోపాటే చితి మీదికి వెళ్ళిపోయింది.

అన్నయ్యా, వయసులో పెద్దవాడివి. అమ్మ కడుపున ముందు పుట్టినవాడివి. అందుకు నమస్కరిస్తున్నాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు.