హెల్మెట్ల దొంగ కాసియన్

ఆల్ప్స్ కొండల నడుమ మా టిరోల్ లోయలో కాసియన్ ప్రుగ్గర్ హెల్మెట్ల దొంగ. ఇందులో రహస్యమేమీ లేదు. పొరుగూరి నుంచి ఎవరైనా స్కీయింగ్‌కి వస్తే దారి చెప్పినట్టే ఇదీ చెబుతాం: రొట్టెల దుకాణం ఎడమ పక్క, కొండెక్కించే లిఫ్టు కుడి పక్క, కాసియన్ కనిపిస్తే హెల్మెట్ చంకలో పెట్టుకో.

అలాగని ఏ హెల్మెట్ పడితే అది ఎత్తుకుపోడు. దెబ్బతిన్నవే కావాలి. లిఫ్టు పక్కనున్న నేలమాళిగలో స్కీలకు మైనం పూసి, అంచులు సానబట్టడం అతని వృత్తి. అరవై నాలుగేళ్ళ మనిషి, గుమ్మంలో పట్టని భుజాలు, పిల్లి నడక. హెల్మెట్ పుట్టేది ఒక్క దెబ్బ కోసమేననీ, ఆ దెబ్బ తినగానే దాని ఉద్యోగం అయిపోయిందనీ అతని సిద్ధాంతం. పైపెంకు నిగనిగలాడుతూనే ఉంటుంది కానీ, లోపలి నురగ మెత్త ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు. "దానికి పింఛనిచ్చి ఇంటికి పంపాలి. మీరేమో మళ్ళీ డ్యూటీ వేస్తున్నారు" అనేవాడు.

ఇది మావాళ్ళకు మింగుడుపడదు. మా లోయలో ఏదీ పారేయరు. తాత స్కీలు కంచె కర్రలవుతాయి. అన్న హెల్మెట్ చెల్లికి, చెల్లిది పిన్ని కొడుక్కి. పగులు కనబడితే దాని మీద ఒక స్టిక్కరు. హెల్మెట్ మీది స్టిక్కర్లు చూస్తే ఆ వంశం ఎన్నిసార్లు బోర్లాపడిందో తెలిసిపోతుంది.

కాసియన్ దొంగతనం చాలా మర్యాదగా ఉంటుంది. సత్రంలో మీ పక్కన కూర్చుని బీరు ఇప్పిస్తాడు. వాతావరణం, ఆవులు అయ్యాక, "మొన్న పడ్డావటగా, ముందుకా వెనక్కా?" అంటాడు. జవాబు చెప్పారో, మీరు లేచేసరికి కొక్కేనికి హెల్మెట్ ఉండదు. దాంతో ఊళ్ళో జనం పడడమే మానేశారు. చేతికి కట్టుతో వచ్చిన పోస్టాఫీసు గుమాస్తా స్నానాల గదిలో జారానన్నాడు. చంకకర్రల మీద వచ్చిన వడ్రంగి ఆవు తన్నిందన్నాడు. అతనికి ఆవు లేదు.

ఒకసారి ఎవరో ఫిర్యాదు చేశారు. విచారణకని కానిస్టేబులు నేలమాళిగలోకి దిగి, అరగంట తర్వాత ఒట్టి తలతో పైకొచ్చాడు. ఏమైందని అడిగితే, పోయినేడు తను పడ్డ సంగతి మాటల్లో నోరు జారానన్నాడు.

ఎత్తుకెళ్ళినవాటిలో జెరేనియం మొక్కలు పెంచేవాడు. గాలి కన్నాలు ఉంటాయి కాబట్టి నీరు నిలవదట. వేసవిలో అతని బాల్కనీ కింద నిలబడి, ఎవరి తల ఎలా పూసిందో చూసుకునేవాళ్ళం. నా నీలం హెల్మెట్‌లో ఎర్రపూలు చూసి, దొంగసొత్తు అయితేనేం, రంగు కుదిరిందని మా ఆవిడ మెచ్చుకుంది.

దొంగతనం జరిగిన వారానికల్లా పోగొట్టుకున్నవాళ్ళ గుమ్మంలో కొత్త హెల్మెట్ పెట్టె ఉండేది, "స్కీ క్లబ్బు కానుక" అన్న చీటీతో. అందుకని ఊరంతా కాసియన్‌ను తిట్టి, క్లబ్బును పొగిడేది. ఏటా సర్వసభ్య సమావేశంలో క్లబ్బుకు చప్పట్లు కొట్టేవాళ్ళం. వెనక వరసలో కాసియన్ కూడా కొట్టేవాడు.

అతనికి దక్కని హెల్మెట్ ఊళ్ళో ఒక్కటే, వాల్బుర్గాది. రొట్టెల దుకాణం ఆవిడదే, క్లబ్బు కార్యదర్శీ ఆవిడే. ఆ ఎర్ర హెల్మెట్‌తోనే ఊరి పందెం పదకొండుసార్లు గెలిచింది. ఆ ఏడు పందెం ఆదివారం. గురువారం సాధనలో గడ్డిపాక మలుపు దగ్గర పడింది. నేను పది గజాల వెనక ఉన్నాను. తల గడ్డకట్టిన మంచుకు తగిలి, నిండు కూజా కింద పడ్డట్టు చప్పుడైంది. ఆవిడ లేచి, మంచు దులుపుకుని, "నువ్వేం చూడలేదు" అంది. చూడలేదన్నాను.

సాయంత్రం కాసియన్ బీరు ఇప్పించాడు. నేను చూడనిదంతా చెప్పేశాను.

అతను తన బీరు ముట్టలేదు. "ఏ వైపు?" అన్నాడు. ఎడమ కణత పైన అన్నాను. "హెల్మెట్ ఉన్నంత మాత్రాన చెట్టు పక్కకు జరగదోయ్. మంచిది పెట్టుకున్నా తల జాగ్రత్త మనదే. ఇప్పుడు దాని దగ్గరున్నది అసలు హెల్మెట్టే కాదు, ఎర్ర టోపీ. ఆదివారం అదే చోట ఇంకోటి తగిలితే దుకాణం తలుపు తీసేవాళ్ళుండరు."

ఆ మూడు రోజులూ ఊరికి పెద్ద వినోదం. వాల్బుర్గా హెల్మెట్ పెట్టుకునే పిండి పిసికింది, హెల్మెట్‌తోనే రొట్టెలు అమ్మింది. కాసియన్ వేడివేడి పిండి ఉండలు గిన్నెలో పట్టుకెళ్ళి రాజీకి పిలిచాడు. ఆవిడ ఉండలు తీసుకుని తలుపేసుకుంది.

పందేనికి ముందు చిన్న చర్చి దగ్గర ఆశీర్వాదం ఉంటుంది. అందరూ హెల్మెట్లు తీసి మంచు మీద వరసగా పెట్టి, తలలు వంచి కళ్ళు మూసుకోవాలి. ఫాదరు పవిత్రజలం చల్లుతాడు. మామూలుగా రెండు నిమిషాల పని. ఆ ఏడు ప్రార్థన సాగి సాగి ఆవుల ఆరోగ్యం దాకా వెళ్ళింది. ముందురోజు ఫాదరుగారి స్కీలకు కాసియన్ ఉచితంగా మైనం పూశాడని నాకు తర్వాత తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి ఎర్ర హెల్మెట్ ఉన్నచోటే ఉంది. వాల్బుర్గా స్టిక్కర్లన్నీ తడిమి చూసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డ కాసియన్ వంక గెలిచినట్టు చూసింది.

గడ్డిపాక మలుపులో మళ్ళీ పడింది. అదే వైపు. చప్పుడు కింది దాకా వినిపించింది. ఎవరూ కదల్లేదు. కాసియన్ మాత్రం ఆ భారీ శరీరంతో, మామూలు బూట్లతో ఏటవాలు మీదికి పరిగెత్తాడు. అతను వెళ్ళేసరికి ఆవిడ లేచి కూర్చుని, నోట్లో మంచు ఉమ్మేసి, తన టైమెంతని అడుగుతోంది. డాక్టరు కళ్ళలో లైటు వేసి, ఇవాళేం వారమమ్మా అన్నాడు. "నేను గెలవాల్సిన ఆదివారం" అంది. అయినా సాయంత్రం దాకా కదలనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం నా స్కీల కోసం నేలమాళిగలో ఉన్నాను. వాల్బుర్గా మెట్లు దిగి వచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టింది. దాని పెంకు ఎడమ పక్క విచ్చిపోయి ఉంది.

"ఇది నాది కాదు."

"స్టిక్కర్లు నీవేగా" అన్నాడు కాసియన్.

"స్టిక్కర్లు నావే, ప్రార్థన సాగినంతసేపూ ఊడదీసి దీనికి అంటించావు. వాటి కింద హెల్మెట్టే కొత్తది. నా కొప్పుకు చోటు కూడా కోసి ఉంది."

అతను బల్ల కింద నుంచి పాతది తీశాడు. అప్పటికే నిలువునా రంపంతో కోసేశాడు. ఆవిడ బొటనవేలు పట్టుకుని లోపల ఒకచోట పెట్టాడు. అక్కడ నురగ అప్పడంలా అణిగిపోయి, పగులు కణత దాకా పాకింది. ఆవిడ చాలాసేపు వేలు తియ్యలేదు.

"కొత్తది క్లబ్బు పంపింది. నేను మార్చానంతే" అన్నాడు.

"కాసియన్, ఆ క్లబ్బు కార్యదర్శిని నేను. మన క్లబ్బు ఇంతవరకు ఎవరికీ చీపురు కూడా కొనిపెట్టలేదు."

నేను నోరెళ్ళబెట్టాను. కాసియన్ పూసిన స్కీకే మళ్ళీ మైనం పూస్తున్నాడు.

"మొదటి చీటీ చూసినప్పుడే నీ చేతిరాత గుర్తుపట్టాను. బడిలో నా పక్కన కూర్చుని కాపీ కొట్టినవాడివి."

"మరి నీ హెల్మెట్ ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

"నాకు కూడా నువ్వే కొంటావని. నీ కోటు ఎప్పుడైనా చూసుకున్నావా? మోచేతులు బయటికొచ్చి పలకరిస్తున్నాయి."

వచ్చే సమావేశంలో నిజం చెప్పేస్తానంది. కాసియన్ భయపడడం నేను మొదటిసారి చూశాను.

"అంత పని చెయ్యకు తల్లీ. తెలిస్తే అందరూ దండాలు పెడతారు. దండం పెట్టినవాడి హెల్మెట్ ఎలా ఎత్తుకుపోను? మొహమాటం అడ్డొస్తుంది."

వాల్బుర్గా సరేనంది. ఇకనుంచి పెట్టెలు నిజంగానే క్లబ్బు కొంటుందనీ, చీటీలు మాత్రం అతనే రాయాలనీ తీర్మానం చేసింది. నన్ను సాక్షిగా పెట్టి, నోరు మూసుకోమంది.

మర్నాడు ఉదయం రొట్టెల దుకాణంలో వరస గుమ్మం దాటి ఉంది. కాసియన్ లోపల అడుగు పెట్టగానే వాల్బుర్గా అందుకుంది. దొంగ అంది, వాళ్ళ తాత నుంచీ ఆ వంశమే అంత అంది, వాడి ముందు మూత ఉన్న గిన్నె కూడా పెట్టకండి అంది. వరసలో ఉన్నవాళ్ళంతా ఉత్సాహంగా తలో మాటా కలిపారు. అంటూనే ఆవిడ చేతులు అతని సంచీలో పొగలు కక్కే రొట్టెలు నింపుతున్నాయి. అతను అడిగింది రెండు, పడినవి ఆరు.

కాసియన్ సన్మానం చేయించుకుంటున్న పెళ్ళికొడుకులా వెలిగిపోతూ నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ, నువ్వేమీ అనవేం అన్నట్టు నా వంక చూశాడు. పాపం చిన్నబుచ్చుకుంటాడని నేనూ నాలుగు తిట్లు తిట్టాను.