ఐదు బావుల గీతలు

పోయిన వారం రక్తపరీక్ష చేయించుకుంటే ఫలితాలు ఫోనుకే పంపుతామన్నారు దవాఖాన వాళ్లు. అన్నట్టే సాయంత్రానికి వచ్చాయి గానీ, ఏడాది పొడుగునా నా చక్కెర ఎలా పెరిగిందో తగ్గిందో చూపించే గీతల బొమ్మ ఉండవలసిన చోట, మూల చిరిగిన చిన్న కాగితం గుర్తు ఒకటి వచ్చి కూర్చుంది. మావారు అదేదో పెద్ద జబ్బుకు గుర్తేమోనని కంగారుపడ్డారు. నేను మాత్రం చాలాకాలం తర్వాత పాత స్నేహితురాలు ఎదురైనట్టు ఫోను పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట, సరిగ్గా ఆ చిరిగిన కాగితంతోనే మూడు రోజులు కుస్తీ పట్టినదాన్ని నేను.

అప్పట్లో నేను జహీరాబాద్‌లో, ముంబై రోడ్డు పక్కన ఒక ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఉండే మహిళా రైతుల సంఘం ఆఫీసులో పనిచేసేదాన్ని. టైపిస్టుగా చేరాను. మిషను పోయి కంప్యూటరు వచ్చినప్పుడు నాతోపాటు చేరిన ఇద్దరు మానేశారు గానీ, నాకెందుకో ఆ పెట్టె మీద మొదటి రోజునుంచే మోజు పుట్టింది. ముప్పై దాటిన వయసులో, పిల్లల్ని బడికి పంపి, బస్టాండు దగ్గరి కంప్యూటరు క్లాసుకు వెళ్లి, నాకన్నా పదేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. ఫోను తీగ మీద ఇంటర్నెట్టు కీచుమంటూ వచ్చే రోజులవి. మీకూ గుర్తుండే ఉంటుంది, ఎవరైనా ఇంట్లో రిసీవరు ఎత్తితే చాలు, గంటసేపు దించుకుంటున్నదంతా గంగలో కలిసేది. మా ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఉండేవి. వాటిలో ఒకదాన్ని మూలన పెట్టి, మిగతా రెండింటికీ పేజీలు వడ్డించే పని అప్పగించాం. దాన్ని సర్వర్ అని పిలవడం నాకు మహా గర్వంగా ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా దాని కింది బ్యాటరీ డబ్బా కుయ్యోమని అరిచేది.

ఇక మా మేనత్త సంగతి చెప్పాలి. ఆమెది న్యాల్‌కల్ మండలంలో ఎర్రమట్టి నేలల మధ్య ఒక ఊరు. అక్షరం రాదు గానీ, ఆమెకున్న జ్ఞాపకశక్తి మా ఆఫీసు కంప్యూటరుకు లేదు. సంఘం తరఫున ఆ ఊళ్లో ఆమెతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు ఐదు బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో వారం వారం కొలిచేవారు. మూరకొక ముడి వేసిన తాడుకు రాయి కట్టి దించడం, నీళ్లు తగిలేదాకా ఎన్ని ముడులు దిగాయో లెక్కపెట్టడం, అంతే. సంత రోజున మా అత్త జహీరాబాద్ వచ్చి, సంచి పక్కన పెట్టి, ఐదు బావుల ముడుల లెక్కా ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పేది, నేను రాసుకునేదాన్ని. అలా మూడేళ్లు రాశాను.

ఆ ఏడు ఆ ఊరికి మంచినీళ్ల బోరు ఒకటి మంజూరయింది. అంతకుముందు వాగు పక్కన వేసిన బోరు రెండో ఎండాకాలానికే ఎండిపోయింది. అయినా ఊరి పెద్దలు మళ్లీ వాగు పక్కనే అంటున్నారు, పెద్ద వీధికి దగ్గరని. మా అత్త మాత్రం చర్చి గోడ పక్కనున్న తమ బావి దగ్గర వేయమంటుంది, ఏ ఎండకూ ఆ బావి అడుగంటలేదని. ఆమె మాట వినేవాడు లేడు. చర్చి వాళ్లు కాబట్టి చర్చి దగ్గరే వేయమంటున్నారని ఒకాయన ముఖం మీదే అన్నాడట. ఆ రోజు మా అత్త ఆఫీసుకొచ్చి లెక్క చెప్పి, ఎప్పుడూ తాగే చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నేను మూడేళ్ల లెక్కలు రాసిన నోటుబుక్కులు బయటికి తీశాను.

సంగారెడ్డి నుంచి ఇంజనీరు గురువారం నాడు మా ఆఫీసుకే వస్తాడనీ, రెండు పక్షాల మాటా విని తేలుస్తాడనీ తెలిసింది. సోమవారం పొద్దున నేను మా కార్యదర్శి గారి ముందు నిలబడి, మూడేళ్ల లెక్కలనూ గీతలుగా కంప్యూటరులో చూపిస్తానని గొప్పగా చెప్పేశాను. హైదరాబాదు నుంచి తెప్పించుకున్న ఒక సీడీలో, అంకెలు ఇస్తే సర్వరే గ్రాఫు గీసి పంపించే రెడీమేడ్ ప్రోగ్రాముల మూట, లైబ్రరీ అంటారు దాన్ని, ఒకటి ఉంది. నిజం చెప్పొద్దూ, గ్రాఫు కాగితం మీద చేత్తో గీస్తే ఒకటి రెండు రోజుల్లో అయిపోయే పనే. కానీ కొత్తగా ఈత నేర్చినవాడికి బావి కనిపిస్తే ఆగుతాడా. కార్యదర్శి గారు కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, బుధవారం మధ్యాహ్నం వరకే గడువనీ, ఆ తర్వాత స్కేలూ పెన్సిలూ పట్టుకోవలసిందేననీ అన్నారు.

లైబ్రరీ ఎక్కించాను, నోటుబుక్కుల్లోని ముడులన్నీ ఎక్కించాను, పేజీ తెరిచాను. చిరిగిన కాగితం వచ్చింది. ఇంకా వెతికితే ఒక సందేశం దొరికింది. దాని సారాంశం ఏమిటంటే, లైబ్రరీకి గీయడం వచ్చుగానీ దాని చేతికి కలం లేదు. బొమ్మలు గీసే భాగం సర్వరులోనే ఉంది, దాన్ని ఎవరూ మేల్కొలపలేదు. సెట్టింగుల ఫైలులో ఒక వాక్యం ముందు సెమికోలన్ ఉంటుంది, అది తీసేస్తే ఆ భాగం మేల్కొంటుందని పుస్తకంలో ఉంది. తీసేశాను. సర్వరును ఆపి మళ్లీ నడిపించాను. చిరిగిన కాగితమే. మళ్లీ ఆ వాక్యం చూసుకున్నాను, అక్షరం అక్షరం సరిచూసుకున్నాను, మళ్లీ ఆపాను, మళ్లీ నడిపాను. మంగళవారం మధ్యాహ్నానికల్లా పదిహేనుసార్లయినా ఆపి ఉంటాను.

మా మామ, అంటే మేనత్త భర్త, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు. షిఫ్టు దిగి ఊరి బస్సు ఎక్కేముందు అప్పుడప్పుడు ఆఫీసుకు వచ్చి కూర్చునేవాడు. ఆ రోజూ వచ్చి, నా అన్నం డబ్బా మూత కూడా తీయలేదని గమనించాడు.

"ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను. ఆయనకు కంప్యూటరు తెలియదు, అయినా మొత్తం చెప్పాను.

"అంటే ఎన్నిసార్లు మంచిగ తిప్పినా ఫరక్ వస్తలేదు, గంతేనా?"

"గంతే మామా."

"అయితే జర ఖరాబ్ చేసి చూడు."

"ఖరాబ్ చేసుడేంది మామా?"

"ఇంజన్ల గట్లనే చూస్తం. స్క్రూ తిప్పితే సప్పుడు మారాలె. మంచిగనన్న మారాలె, ఖరాబుగనన్న మారాలె. ఎటు తిప్పినా మారకపోతే, నువ్వు తిప్పే స్క్రూ ఈ బండిది కాదన్నట్టు."

అన్నం డబ్బా పక్కకు జరిపాను. ఆ సెట్టింగుల ఫైలు తెరిచి, నడిమధ్యలో చేతికొచ్చిన అక్షరాలన్నీ పిచ్చిపిచ్చిగా కొట్టాను. టైపిస్టుగా జీవితంలో అంత చెత్త ఎన్నడూ కొట్టలేదు. సర్వరును ఆపి నడిపాను. అది ఏమీ ఎరగనట్టు, పెళ్లికి బయలుదేరిన బండిలా హాయిగా నడిచింది. అంటే రెండు రోజులుగా నేను దిద్దుతున్న ఫైలును అది చదవడమే లేదు. వెతికితే, అదే పేరుతో మరో ఫైలు మరో ఫోల్డరులో దొరికింది. అసలు బండి స్క్రూ అది. దానిలో సెమికోలన్ తీసి మళ్లీ నడిపేసరికి చిరిగిన కాగితం మాయమైంది. నేను కుర్చీలోంచి లేచి మామ చేతులు పట్టుకుని ఊపేశాను. ఆయన మొహమాటపడి, బస్సుకు టైమైందని లేచి, వెళుతూ వెళుతూ అన్నం తినమన్నాడు.

అయితే చిరిగిన కాగితం పోయిన చోట బొమ్మ రాలేదు. పేజీ నిండా ప్రశ్నార్థకాలూ, తోకల అక్షరాలూ, ఏ భాషకూ చెందని గీకుళ్లూ వచ్చాయి. మరొకరైతే దిగులుపడేవారేమో, నాకు మాత్రం ఉత్సాహం ఆగలేదు, ఎందుకంటే అది మారింది. బుధవారం పొద్దున్నే ఊడ్చేవాళ్లకన్నా ముందే ఆఫీసుకు వెళ్లి, మామ చెప్పిన పద్ధతే పట్టుకుని ఒక్కొక్క ముక్కా తీసి పక్కన పెడుతూ వచ్చాను. బావుల పేర్లు రాసుకున్న ఫైలు తీసేసరికి గీకుళ్లు ఆగిపోయాయి. దాన్ని తెరిచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. అప్పుడు నా కళ్లు పైకి వెళ్లాయి. మొదటి వాక్యానికి పైన రెండు ఖాళీ వరసలు. టైపు మిషను మీద పదేళ్లు పనిచేసిన చెయ్యి కదా, ఏ కాగితం ఎక్కించినా పైన మర్యాదగా రెండు వరసలు వదిలేది. ఆ ఖాళీ ముందు వెళ్లడం వల్ల, వెనక వస్తున్నది బొమ్మ కాదు రాతే అనుకుని కంప్యూటరు దాన్ని అక్షరాలుగా చదువుతోంది. రెండుసార్లు మీట నొక్కి ఆ వరసలు తీసేశాను.

గ్రాఫు వచ్చింది. తెల్లటి పలక మీద ఐదు రంగుల గీతలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ, మూడేళ్ల పొడుగునా. బావుల పేర్లు తెలుగులో రాస్తే డబ్బాలు డబ్బాలుగా పడుతున్నాయని రంగులు ఇచ్చాను. చర్చి బావికి ఎరుపు, వాగు పక్క బావికి నీలం. కార్యదర్శి గారు వచ్చి చూసి, స్కేలూ పెన్సిలూ బీరువాలో పెట్టేశారు.

ఆ రోజు సంత. మధ్యాహ్నానికి మా అత్త, మిగతా నలుగురు ఆడవాళ్లతో కలిసి వచ్చింది. వాళ్లను తెర ముందు కూర్చోబెట్టి, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లలా చూపించాను. మా అత్త చాలాసేపు చూసింది.

"ఎర్రది మా బాయా? గట్ల అడుగున పండుకున్నదేంది?"

"ముడులు తక్కువ కదా అత్తా."

"మరి ఎండకాలం నీళ్లు కిందికి పోతే, గీత మీదికెందుకు ఎక్కుతది బిడ్డా? గిది చూసినోడు వాగు బాయి నిండింది, మా బాయి ఎండింది అనుకుంటడు."

ముడులు పెరిగితే నీళ్లు లోతుకు పోయినట్టని సర్దిచెప్పబోయాను.

"ముడుల సంగతి నీకు ఎరుక, నాకు ఎరుక. ఆయనకేం ఎరుక?"

మళ్లీ తెర వైపు చూశాను. మూడు రోజులు ఆ బొమ్మ వెనక పడి, వచ్చిందన్న సంబరంలో అది ఏం చెబుతోందో చూడనే లేదు. అలాగే గురువారం చూపించి ఉంటే, మా అత్త మూడేళ్ల కష్టం ఆమెకే ఎదురు సాక్ష్యం చెప్పేది. ప్రతి లెక్క ముందూ ఒక మైనసు గుర్తు పెట్టించి పేజీ మళ్లీ తెరిచాను. ఐదు గీతలూ ఒక్కసారిగా తిరగబడ్డాయి. ఎండాకాలం రాగానే నాలుగు గీతలు గుంతలోకి జారిపోయాయి, వాగు బావిది అన్నింటికన్నా లోతుకు. ఎర్ర గీత మాత్రం పైన, చిన్న చిన్న అలలతో నడుస్తూనే ఉంది.

మా అత్త లేచి తెర మీద వేలు పెట్టింది.

"గిది మా బాయి."

ఇక ఆ నలుగురినీ ఆపడం నా వల్ల కాలేదు. ఒకామె తన గీతలో ఎత్తు చూపించి అది ముసురు పట్టిన నెల అంది. ఇంకొకామె గీత ఒకచోట తెగిపోయి ఉంటే, బిడ్డ కాన్పుకు బీదర్ పోయి నెలరోజులు కొలవలేదని తనే ఒప్పుకుంది. వాళ్ల బతుకే తెర మీద పరిచినట్టు ఉంది. ఒక్కరికీ చదువు రాదు, ఆ గ్రాఫును అంత బాగా చదివినవాళ్లను నేను తర్వాత కూడా చూడలేదు.

గురువారం ఇంజనీరు వచ్చి చూశాడు, ఊరి పెద్దలూ చూశారు. కొలిచింది ఎవరని అడిగాడు. చెబితే, బావి దగ్గరికే పోదామన్నాడు. జీపులో అందరం వెళ్లాం. ఆయన తన ఇనుప టేపు దించకముందే, పొద్దున కొలిచిన లెక్క మా అత్త చెప్పేసింది, పదకొండు ముడులు. ఆయన టేపు దించి, పైకి తీసి, ఆమె తాడును చేతుల్లోకి తీసుకుని ఒక మూర కొలిచి, కాగితం మీద లెక్క వేసుకున్నాడు. జానెడు తేడా వచ్చింది. వాగు బావి దగ్గర కూడా అదే చేశాడు. అక్కడ జానెడు తేడా కూడా రాలేదు.

"మీరు చెప్పిన కాడనే వేయిస్తనమ్మా," అన్నాడు.

మా అత్త తన తాడు చుట్టి భుజానికి వేసుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, అందరికీ చాయ్ పెడతానని ఇంట్లోకి వెళ్లింది. తర్వాతి నెలలో చర్చి గోడ పక్కన బోరు పడింది. నీళ్లు ఎగజిమ్మినప్పుడు, ఆమెను ముఖం మీదే మాట అన్న పెద్దమనిషి అందరికన్నా ముందు వచ్చి తడిశాడు. ఆ బోరు ఇప్పటికీ నీళ్లిస్తోంది.

మా అత్త పోయి ఏడేళ్లయింది. మామ రిటైరయ్యాక బీదర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇప్పుడు గ్రాఫు కావాలంటే ఎవరూ మూడు రోజులు కుస్తీ పట్టనక్కరలేదు, అడిగేలోపే వచ్చి నిలబడుతుంది, మంచిదే. ఆ పనుల కష్టం తెలిసినదాన్ని కనుక ఆ వేగాన్ని తప్పుపట్టను. కానీ మొన్న ఎండల్లో చిరాగ్‌పల్లిలో ఒక పెళ్లికి పోయి, తిరిగి వస్తూ మా అత్త ఊళ్లో ఆగాను. చర్చి బావి మీద ఇనుప జాలీ వేసి, తాళం బిగించిన డబ్బా ఒకటి అమర్చారు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అదే కొలిచి, ఎక్కడికో అదే పంపిస్తుందట. పక్కన నల్లా దగ్గర ఆ ఊరి కోడలు ఒకామె బిందె నింపుకుంటోంది. ఈ ఏడు బావిలో నీళ్లెట్ల ఉన్నయమ్మా అని అడిగాను.

ఆమె బిందె నడుముకెత్తుకుంటూ, "ఏమో పెద్దమ్మా, ఆఫీసోళ్లకు తెలుస్తది," అంది.