బుడగలు ఆగని బ్రేకు

ఆ రోజుల్లో మన బళ్ళకి బ్రేకంటే ఒక తీగ, ఆ తీగ లాగితే చక్రానికి ఒరుసుకునే షూలు, అవీ చాలకపోతే మన కాలి చెప్పులు. (నేను అరగదీసిన జతల లెక్క మా నాన్నకే తెలియాలి.) అలాంటి ఎనభైల నాటి వైజాగులో, ఓడ మీద పనిచేసే మా బావ విదేశం నుంచి నూనెతో పనిచేసే బ్రేకున్న ఎర్ర మోటారు సైకిల్ ఒకటి దించాడు. పాత పట్నంలో పోర్టుకి ఎదురుగా, వాలు వీధిలో వాళ్ళ ఇల్లు. బండి వచ్చిన దగ్గర్నుంచి నాకు అక్క మీద అభిమానం అమాంతం పెరిగిపోయింది.

బావ మళ్ళీ ఓడెక్కాల్సిన రోజున ముందు బ్రేకు నొక్కితే ఉడికిన వంకాయలా మెత్తగా లోపలికి పోయింది. నూనెలో గాలి చేరిందన్నాడు. బండితోపాటు తెచ్చుకున్న పిస్తోలు లాంటి, నూనె పీల్చే చేతి పంపు ఒకటి నా చేతిలో పెట్టాడు. చక్రం దగ్గర నూనె బయటికి వదిలే చిన్న నిపుల్‌ని కాస్త వదులుచేసి, దానికి గొట్టం తగిలించి పంపు నొక్కుతూ పోతే గాలి, నూనె కలిసి బయటికొస్తాయట.

"ఇదిగో బామ్మర్దీ, సాయంత్రం నాను ఎల్లీలోపు బ్రేకు బాగయ్యిందా, నానొచ్చీదాకా బండి నీదే. అవలేదా, తాళం నాతోపాటే ఓడెక్కుతాది. గొట్టంలో బుడగలు ఆగీదాకా బ్రేకు మీద సెయ్యెయ్యకు!"

నేనప్పుడు పోర్టు దగ్గర ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. (అంటే స్పానర్లు అందించేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఇంజనీర్ని.) పట్టు పట్టాను. పైన హ్యాండిల్ దగ్గరున్న డబ్బాలో నూనె పోస్తున్నాను, కింద పంపు నొక్కుతున్నాను, బుడగలు వస్తూనే ఉన్నాయి. అక్క భోజనానికి పిలిస్తే పళ్ళెం బండి పక్కకే తెప్పించుకున్నాను. ఎడమచేత్తో పంపు, కుడిచేత్తో సేపల పులుసన్నం.

"ఏటిరా తమ్ముడూ, పొద్దుట్నుంచి అదే పని సేత్తన్నావ్? దానికి పేనం పోత్తన్నావేటి?"

"ఇంకొన్నే బుడగలక్కా!"

చేతికి బొబ్బలొచ్చాయి కానీ బుడగలు ఆగలేదు. పొద్దు వాలాక బావ పెట్టె పట్టుకుని బయటికొచ్చి గొట్టం కేసి చూశాడు. అందులో ఇంకా నురగే. "బ్రేకులో గాలున్న బండి నీకిచ్చి ఎల్తే మీ అక్క నన్ను బతకనిత్తాదేటి?" అని, నా భుజం తట్టి, తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చాలాసేపటికి లేచి నిపుల్ బిగించి, బండిని కింద ఉన్న పాకలో పెడదామని స్టాండు తీశాను. అంతే, అది వాలులో నన్ను ఈడ్చుకుపోవడం మొదలెట్టింది. దిగువన గుమ్మం ముందు నిలబడ్డ అక్క కెవ్వుమంది. భయంతో పొద్దుటినుంచీ ముట్టుకోని బ్రేకు పట్టేశాను. రాయిలా ఉంది! బండి ఉన్నచోట ఆగిపోయింది. నేనే వెళ్ళి హ్యాండిల్ మీద పడ్డాను. అంతసేపూ వచ్చిన బుడగలు లోపలి గాలివి కావు, వదులైన నిపుల్ మర సందుల్లోంచి పంపు పీల్చుకున్న బయటి గాలివి. బ్రేకు ఏ మధ్యాహ్నమో బాగయిపోయి ఉంటుంది. నొక్కి చూసినవాడు లేడు. తాళం కోసం పోర్టు వైపు రెండడుగులు పరిగెత్తానో లేదో, ఓడ కూత వినిపించింది.

బావ తిరిగొచ్చేదాకా ప్రతి ఆదివారం ఆ బండిని వాలు పైకి తోసుకెళ్ళి, ఎక్కి కూర్చుని, ఇంజను వెయ్యకుండానే దిగొచ్చి, అక్క గుమ్మం ముందు బ్రేకేసేవాణ్ణి. వైజాగ్ మొత్తానికి నా అంత గట్టి బ్రేకు ఎవడికీ లేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. అప్పుడప్పుడు ఆ కుర్రాడు కళ్ళముందుకొస్తాడు, ఒక చేతిలో పంపు, రెండో చేతికి పులుసు. "ఆపరా నాయనా, ఒక్కసారి నొక్కి చూడు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. వాడికి ఆ సాయంత్రంలోపు బండి కావాలి.