సర్ ఆంబ్రోస్ పిల్లల హాజరు

హెస్టర్ పిమ్‌కు హాజరు పిలిచే పిచ్చి. మనుషుల్ని పిలిస్తే ఊరు ఓర్చుకునేదే. ఆవిడ పిలిచేది రాతి పిల్లల్ని.

లిటిల్ హార్ఫర్డ్ చర్చిలో, ఉత్తరపు గోడ కిటికీ వెలుగులో, సర్ ఆంబ్రోస్ వైక్ నాలుగున్నర వందల ఏళ్లుగా తన సమాధి మీద రాతిబొమ్మై భార్య పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మఠాల భూములు మింగిన చేతులు ఇప్పుడు బుద్ధిగా జోడించి ఉన్నాయి. సమాధి చుట్టూ అతని పిల్లలు మోకరిల్లి ఉంటారు. ప్రతి శనివారం పదకొండింటికి హెస్టర్ దుమ్ముగుడ్డతో దిగుతుంది.

"థామస్! ముక్కు చూపించు. గిల్బర్ట్! చెవిలో ఆ బూజేమిట్రా?"

ఒకసారి పెళ్లికూతురు వానలో గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "పెళ్లి ఎక్కడికీ పారిపోదు, మార్జరీ ఇంకా పలకలేదు," అంది హెస్టర్. ఆర్గన్ వాయించేవాడు అదే పాట నాలుగుసార్లు వాయించాడు.

ఈమె పంతం ఇలా ఉంటే, చర్చి బాగోగులు చూసే వార్డెన్ డెస్మండ్ ట్రాంటర్ పంతం మరుగుదొడ్డి. ప్రార్థన మధ్యలో ముసలివాళ్లు ఎదురుగా ఉన్న పబ్‌కు పరుగెత్తుతున్నారు. వెళ్లినవాళ్లలో సగంమంది తిరిగి రావడం లేదు. సమాధి ఉన్నచోట మరుగుదొడ్డి కట్టాలంటే దాన్ని గంటల గోపురం కింది చీకట్లోకి తోసెయ్యాలి. గోపురం కిందే కట్టొచ్చుగా అంటారా? అప్పుడు గొట్టం ట్రాంటర్ తోటలోంచి పోతుంది. అక్కడ పోటీల్లో బహుమతులు గెలిచే అతని గుమ్మడికాయలున్నాయి.

"పిల్లల్ని చీకట్లో పెడతావా, డెస్మండ్?"

"అవి రాళ్లు, మిస్ పిమ్!"

"నీ గుమ్మడికాయలేమైనా నీతో మాట్లాడతాయా?"

సమాధి జరపడానికి అనుమతి కోసం అతను బిషప్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాడు. సమాధి మీది రాత చూసి 'పిల్లలు పదకొండుమంది' అని రాశాడు. లెక్క తప్పంటూ హెస్టర్ ఉత్తరం రాసింది. దరఖాస్తు వెనక్కి వచ్చింది. వెళ్లి చూస్తే, నిజమే, చివర్న పొత్తిగుడ్డల్లో చుట్టిన పేరులేని పసికందు ఒకటుంది. పన్నెండని దిద్దాడు. హెస్టర్ మళ్లీ రాసింది: లెక్క తప్పు.

ట్రాంటర్‌కు ఒళ్లు మండింది. శనివారం పదిన్నరకే వెళ్లి, చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఈ ముసలమ్మ లెక్కేదో ఇవాళ తేల్చెయ్యాలి.

పదకొండు పేర్లూ అయ్యాయి. హెస్టర్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా పసికందు పక్కన కూర్చుంది.

"నువ్వున్నావుగా, బుజ్జీ. ఇక నీతో ఉన్నవాళ్లు. బాబు కాటరిల్. వచ్చావా? పాప మేహ్యూ. కాళ్లు చల్లబడ్డాయా? పాప ట్రాంటర్. రా తల్లీ."

ట్రాంటర్ చేతిలోని దరఖాస్తు కాగితం జారింది. హెస్టర్ నలభై ఏళ్లు ఆ ఊరి మంత్రసాని. అతనికీ మ్యూరియెల్‌కూ ముప్ఫై ఆరేళ్ల కిందట పుట్టిన పాప, పేరు పెట్టేలోపే పోయింది. ఆ మాట ఇంట్లో కూడా ఎత్తరు. ఇక్కడ వారం వారం హాజరు పడుతోంది.

హెస్టర్ ఇంకో నలుగుర్ని పిలిచి, కాగితం చప్పుడుకు తల తిప్పింది.

"ఎవరది?"

"నేనే, డెస్మండ్‌ని." వంగి కాగితం తీసుకున్నాడు. "పన్నెండు అని రాశాను. తప్పేనా?"

"తప్పే. పంతొమ్మిది."

అతను కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. సోమవారం గుమ్మడిపాదులు తనే పీకేశాడు. మరుగుదొడ్డి మాత్రం వదల్లేదు. గోపురం నుంచి తన తోటలోకి గొట్టానికి కాలవ తవ్వడం మొదలుపెట్టాడు.

తరువాతి శనివారం మ్యూరియెల్ చెయ్యి పట్టుకుని చర్చికి వచ్చాడు. పదకొండు దాటి రెండు నిమిషాలైంది. హెస్టర్ వెనక్కి తిరగలేదు.

"ఆలస్యం! మీ పాప ఎప్పుడో వచ్చేసింది."

మ్యూరియెల్ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. ట్రాంటర్ నోరు తెరిచేలోపే ఒక దుమ్ముగుడ్డ ఎగిరొచ్చి అతని మొహాన పడింది.

"సర్ ఆంబ్రోస్ గడ్డం ఇకనుంచి నీ వంతు, డెస్మండ్. చెవుల వెనక కూడా తుడువు. నేను చూస్తాను."